ప్లైవుడ్ అవతలి సేనాని

సత్యనారాయణ ఫిరంగులు పేల్చలేదు.

మీనాకుమారి తెర వంక చూస్తూ ఊపిరి బిగబట్టింది. ఆమె గుర్రపు దళం బురదలో దిగబడి ఉంది. అవతలివాడు ఒక్క మీట నొక్కితే యుద్ధం అయిపోతుంది. అతను తన ఫిరంగుల్ని రెండు గళ్లు పక్కకి జరిపి ఊరుకున్నాడు.

బురదలో ఉన్నవాణ్ణి కొట్టలేదు అనుకుంది. చెవులు వేడెక్కాయి.

అది 1987. రాజమండ్రిలో బట్టల కొట్టు మేడ మీద గున్నేశ్వరరావు గారు కంప్యూటర్ సెంటరు పెట్టి ఏడాదయింది. రెండు కంప్యూటర్లు, మధ్య ప్లైవుడ్ గోడ, గోడకో కన్నం, కన్నంలోంచి వైరు. చెప్పులు మెట్ల దగ్గరే విప్పాలి. లోపలికి వెళ్లినవాళ్లు అవతలి గదిలో కూర్చుని కంప్యూటర్‌తో యుద్ధం చేయొచ్చు. రెండు వందల ఏళ్ల కిందట పిఠాపురం దగ్గర ఫ్రెంచివాళ్లకీ ఇంగ్లీషువాళ్లకీ జరిగిన చందుర్తి యుద్ధం. ఫ్రెంచి సైన్యం కంప్యూటర్‌ది.

ఆ ఆట రాసింది ఆయన కూతురు మీనాకుమారే. చరిత్ర పుస్తకాలు తిరగేసి, కంప్యూటర్ సేనానికి అలసట, జంకు, అనుమానం అన్నీ పెట్టింది. సేనాని మనిషి కదా, మనిషిలాగే ఉండాలనుకుంది. ఆడినవాళ్లు పెదవి విరిచారు. "కంప్యూటర్‌కి జంకేంటండి, మా బావమరిదిలా ఉంది," అన్నాడో రైసుమిల్లు ఆసామి.

చెరిపేయడానికి మనసొప్పక ఆ సేనానిని ప్రోగ్రాములోనే ఓ మూల, ఎవరూ అవునని నొక్కని ఒక ప్రశ్న వెనక పడుకోబెట్టింది. తను గోడకి ఇవతల కూర్చుని, తనే కంప్యూటర్ అయి, కనికరం లేకుండా ఆడడం మొదలుపెట్టింది. జనం ఎగబడ్డారు. కంప్యూటరంటే ఇలా ఉండాలన్నారు.

అయిదు నెలల్లో మీనాకుమారికి ఒక సంగతి తెలిసింది. ఎదుట మనిషి లేడనుకున్నప్పుడు మనిషి బయటపడతాడు. పరువున్న పెద్దమనుషులు ఇక్కడ శవాల మీంచి నడిచారు. కిందటి నెల పెళ్లిచూపులకొచ్చిన కొవ్వూరు బ్యాంకు ఉద్యోగిని నాన్నగారు ముచ్చటపడి ఆటకి కూర్చోబెట్టారు. ఆ సంబంధం వద్దంది. కారణమేంటని అడిగితే, గెలిచాక కూడా ఊళ్లు తగలబెట్టాడంది. ఏ ఊళ్లని గున్నేశ్వరరావు గారు రెండు రోజులు ఆలోచించారు.

ఇప్పుడు ఈ తణుకు సంబంధం. ఎరువుల కొట్టువాళ్లబ్బాయి వీరవెంకటసత్యనారాయణ. పొద్దున పెళ్లిచూపుల్లో అతను అన్నవి రెండే మాటలు. ఒకటి మంచినీళ్లు, రెండోది చాలండి. దాన్నిబట్టి ఒక జన్మ ఎలా తేల్చుకోవాలి? సాయంత్రం బస్సుకి వాళ్లు వెళ్లిపోతారు. ఈలోగా అవుననో కాదనో చెప్పాలి. ఇది మూడో సంబంధం. దీనికీ ఊళ్లు తగలబెట్టాడన్నావంటే నేను ఊరుకోనని అమ్మ బుజ్జమ్మ ముందే చెప్పింది.

అబ్బాయికి కంప్యూటర్ చూపించమని మీనాకుమారే తండ్రిని అడిగింది. గోడ వెనక తనుంటానని అతనికి చెప్పొద్దంది.

మొదట అతని ముందు సామాను బళ్లు కాపలా లేకుండా వదిలింది. లూటీ చేయలేదు. పట్టుబడిన సిపాయిలు పదిమందినీ తర్వాతి ఎత్తులోనే విడిచిపెట్టాడు. మొక్కజొన్న చేలో దొంగచాటుగా దెబ్బ తీసింది. కక్ష తీర్చుకోలేదు, కాస్త వెనక్కి తగ్గి దారి చూసుకున్నాడు.

ప్రతి ఎత్తుకీ ముందు కాసేపు ఆగుతున్నాడు. గోడగడియారం చూసి లెక్కపెట్టింది. పది సెకన్లు. మళ్లీ పది. కోపంలోనూ పది, గెలుపులోనూ పది. నిలకడ గల మనిషి. ఆమెకి నవ్వొచ్చింది, చేత్తో నోరు మూసుకుంది.

ఆ తర్వాత కనికరం లేని ఫ్రెంచి సైన్యానికి పిచ్చెక్కింది. ఫిరంగులు కాలవ గట్టు మీద షికారు చేశాయి. గుర్రాలు గుండ్రంగా తిరిగాయి. ఆమె సేనాని ఒంటరిగా, కావాలని, శత్రువు గుడారం ముందు నుంచి నడిచి వెళ్లాడు.

పది సెకన్లు.

శత్రువు తన కాపలాదార్లని పక్కకి తప్పించి అతనికి దారి ఇచ్చాడు.

మీనాకుమారి కుర్చీలోంచి లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

బుజ్జమ్మా, గున్నేశ్వరరావు గారూ పిల్లిలా అడుగులేసుకుంటూ వచ్చారు.

"ఏంటమ్మా, ఏదో ఒకటి చెప్పు. అవతల బస్సు టైమైపోతోంది," అన్నారాయన గుసగుసగా.

"ముహూర్తం ఎప్పుడంటారో కనుక్కోండి నాన్నగారూ."

ఆయన గోడ పట్టుకున్నారు. బుజ్జమ్మ కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"పట్టుమని పది మాటలు మాట్లాడలేదు కదే. ఏం తెలిసిందే నీకు?"

"గంటన్నర నుంచి మాట్లాడుకుంటూనే ఉన్నాం అమ్మా. నా జీవితంలో ఎవరూ నన్నింత అర్థం చేసుకోలేదు."

కూతురు ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని బుజ్జమ్మ భర్తని వెంటనే అవతలికి తోసింది.

గున్నేశ్వరరావు గారు గోడ చుట్టూ తిరిగి వెళ్లేసరికి కాబోయే అల్లుడు కుర్చీలో వెనక్కి వాలి వారపత్రిక చదువుకుంటున్నాడు. ఆయన్ని చూసి గబుక్కున లేచాడు. ఆయన అతని రెండు చేతులూ పట్టుకుని, బాబూ యుద్ధం ఎలా జరిగిందని అడిగారు.

సత్యనారాయణ సిగ్గుపడ్డాడు.

"నాకీ యుద్ధాలవీ చేతకావండి, మొదట్లోనే మీ సైన్యాన్ని కూడా నన్నే నడపమంటారా అని కంప్యూటర్ అడిగితే, అవునని నొక్కేసి కూర్చున్నానండి."