ఒంటిమనిషి పేకాట

పల్నాడు మొత్తంలో ఒంటిమనిషి పేకాటలో బాపయ్యను ఓడించిన మొనగాడు లేడు. సత్తెనపల్లి నుంచి మాచర్ల దాకా ఎవరినైనా అడగండి.

ఓడించాలంటే ఎదురుగా ఒకడు కూర్చోవాలి గదా. ఆ ఆటలో ఎదుటివాడే ఉండడు. ఉన్నమాట చెప్పాలంటే మూడు నెలల్లో బాపయ్యకు ఆట తేలింది రెండుసార్లే. అందులో ఒకసారి మధ్యలో కునుకుతీసి లేచి, అయిపోయిందన్నాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు సంగతి ఇది. అంతకుముందు బాపయ్య నలుగురితో కలిసే ఆడేవాడు. చేలో పత్తి విచ్చి నేలరాలుతున్నా లేచేవాడు కాదు. భార్య హనుమాయమ్మ ఆయన్ని కోటప్పకొండకు తీసుకుపోయి, మరో మనిషితో కలిసి పేక ఆడనని ప్రమాణం చేయించింది. మాట తప్పితే పుట్టింటికి పోతానంది. పోతే మళ్ళీ రానంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుందని పదిహేనేళ్ళ కాపురంలో బాపయ్యకు బాగా తెలుసు. ఆవిడ లేకపోతే తన పై పంచె ఎక్కడుందో కూడా ఆయనకు తెలియదు.

పది రోజులు ఓర్చుకున్నాడు. పదకొండో రోజు దావా పని మీద గుంటూరు వెళ్ళాడు. బ్రాడీపేటలో కోర్టు గుమాస్తా శేషాచలం గారు భోజనమయ్యాక ఒక్కరే కూర్చుని ముక్కలు పేర్చుకుంటున్నారు.

"ఎవరితో ఆడుతున్నారండీ?"

"నాతోనేనయ్యా."

బాపయ్యకు ప్రాణం లేచొచ్చింది. ప్రమాణంలో మరో మనిషి ఉన్నాడు గాని, తను లేడు. సాయంత్రం దాకా కూర్చుని మూడు ఆటలు నేర్చుకున్నాడు. మర్నాడే ఇంటి అరుగు మీద ఈతచాప పరిచాడు.

మొదటిది ఏడు వరసలు. మొదటి వరసకు ఒక ముక్క, రెండోదానికి రెండు, అలా ఏడు దాకా. పై ముక్క ఒక్కటే తెరిచి ఉంటుంది. ఎర్ర తొమ్మిది మీద నల్ల ఎనిమిది, దాని మీద ఎర్ర ఏడు. ఆసులు బయటపడితే ఇస్పేటు మీద ఇస్పేటు, ఆఠీను మీద ఆఠీను, రాజు దాకా ఎక్కించాలి.

రెండోది గోపురం. ఇరవై ఎనిమిది ముక్కలు గోపురంలా పేర్చి, కలిపితే పదమూడయ్యే జతలు తీసెయ్యాలి. ఎనిమిదికి అయిదు, రాణికి ఆసు. రాజు తనొక్కడే పదమూడు గనక ఎవరి తోడూ లేకుండా పోతాడు. నాలాగే అనేవాడు బాపయ్య.

మూడోది గడియారం. పన్నెండు గంటల చోట పన్నెండు గుట్టలు, నడుమ రాజుల గుట్ట. తీసిన ముక్కను దాని గంట దగ్గర పెట్టి, అక్కడి నుంచి ఇంకోటి తీయాలి. నాలుగో రాజు తగిలాడా, ఆట సరి. ఊళ్ళో అసలు గడియారం లేదు. బస్సుకు పోయేవాళ్ళు వచ్చి, చాప వంక చూసి టైము తెలుసుకుని పోయేవాళ్ళు.

ముక్కలు కలపడంలో బాపయ్య చెయ్యి చూడాలి. చప్పుడే ఉండదు. గాలిదుమారం లేచినా చాప మీద ఒక్క ముక్క కదిలేది కాదు. తీసిన ప్రతిదాన్నీ గట్టిగా పేరుపెట్టి చెప్పేవాడు, వెనకవాళ్ళకు తెలియాలని.

వెనకవాళ్ళు అప్పటికి నలభై మందయ్యారు. నల్లరాణిని కదపమని తూర్పు బజారు, కదిపితే చచ్చామని పడమటి బజారు. ఏళ్ళ తరబడి ఒకే బండి తోలిన రోశయ్యా మాబూ డైమను జాకీ దగ్గర మాటామాటా అనుకుని విడిపోయారు. ఇప్పుడు నలభై మంది చేలల్లోనూ పత్తి రాలుతోంది.

హనుమాయమ్మ మూట కట్టుకుంది. ఊరి పెద్ద చెంచురామయ్య గారిని వెంటబెట్టుకొచ్చింది. ఇది ఒంటరి ఆట కాదని, నలభై మంది ఆడుతుంటే ఈయన చెయ్యి మాత్రం తిప్పుతున్నాడని, ప్రమాణం తప్పింది గనక మధ్యాహ్నం బస్సుకు చీరాల, పుట్టింటికి పోతున్నానని చెప్పింది.

వాళ్ళ మాటలు తన చెవికెక్కడం లేదని బాపయ్య మొత్తుకున్నాడు.

చెంచురామయ్య గారు ఆలోచించారు. నా ఎదుట ఆడు, ఎవరూ నోరెత్తకూడదు, సాయం లేకుండా ఆట తేలితే అది ఒంటరి ఆటే, తేలకపోతే అమ్మాయిని బస్సెక్కించాల్సిందే అన్నారు.

బాపయ్య ఏడు వరసలు పరిచాడు. చెమటలు పోస్తున్నాయి. నలభై నోళ్ళూ మూసుకున్నాయి. సగం ఆటలో చెంచురామయ్య గారే, ఆ ఎర్ర ఆరు అక్కడ పెట్టరాదటయ్యా అనబోయి నాలిక కరుచుకున్నారు. చివరికి అన్ని దారులూ మూసుకుపోయాయి. కళావరు ఏడు వస్తే తప్ప గతి లేదు.

"కళావరు ఏడు," అన్నాడు బాపయ్య, ముక్క తిప్పి.

"ఆగు," అంది హనుమాయమ్మ. "కళావరు ఏడు రెండో వరసలో, ఎర్ర ఎనిమిది మీద ఉంది. ఇదెక్కణ్ణుంచి ఊడిపడింది?"

చెంచురామయ్య గారు వంగి చూశారు. నిజమే, రెండున్నాయి. ఈ ఆట కోసం మాబును వదులుకున్న రోశయ్య సిగ్గుతో తల దించుకున్నాడు.

దూరంగా బస్సు హారన్ కొట్టింది.

"జరుగు," అంది ఆవిడ.

మూట కింద పెట్టి చాప మీద కూర్చుంది. దొంగ ఏడును తీసి అవతల పారేసింది. నల్లరాజును ఖాళీ వరసలోకి జరిపి, కింది ముక్క తిప్పింది.

"ఇస్పేటు మూడు. నాకు తెలుసు."

బస్సు మరోసారి హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆవిడ తలెత్తలేదు. పొద్దువాలేసరికి ఆట తేలింది. వెంటనే మళ్ళీ పరిచింది.

చెంచురామయ్య గారు తీర్పు చెప్పారు. ఇకనుంచి ఆట ఆవిడది, ఆవిడ బాపయ్యకు మరో మనిషి, కాబట్టి ప్రమాణం ప్రకారం ఆయన ఆ చాప దరిదాపులకు రాకూడదు. బాపయ్య మర్నాడు పొద్దున్నే ఒడి కట్టుకుని పత్తి తీతకు పోయాడు.

ఇదంతా జరిగిందే, నేను కల్పించింది ఒక్క పేక మాత్రమే. ఊళ్ళో ఉన్న ఆ ఒక్క కట్టనూ ప్రమాణం చేయించిన రోజే హనుమాయమ్మ పొయ్యిలో పెట్టేసింది గనక, ఆ చాప మీద ఏనాడూ ఒక్క ముక్క కూడా లేదు.