లోపలి మనిషి

తలుపు తట్టగానే లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది.

"ఏవండీ, ఎవరో వచ్చారు. కాస్త చూడండి."

బయట నిలబడ్డ తనిఖీ అధికారి ముసిముసిగా నవ్వుకున్నాడు. ఇక ఈ ఇంట్లో చూడాల్సిందేమీ లేదు.

అది ఒంటరి ఆడవాళ్ళకిచ్చే పింఛను. తోడంటూ ఎవరూ లేనివాళ్ళకే ఇస్తారు. దొంగ పింఛన్లు పెరిగిపోయాయి, ఇంటింటికీ వెళ్ళి చూసి రమ్మని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

మిగతావాళ్ళకి ఈ పని తలనొప్పి. ఆయనకి మాత్రం సరదా. ఆఫీసులో ఆయన్ని చాటుగా భూతద్దం అంటారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. లోలోపల మురిసిపోతాడు కూడా.

సొంతింటి ముందైతే గేటు దగ్గరే హారన్ కొట్టి, పిల్లల్లేని ఇంట్లో పగలంతా ఒక్కతే ఉండే భార్య వచ్చి తలుపు తీసేదాకా స్కూటరు దిగని మనిషి. తనిఖీకి మాత్రం సందు చివరే బండి ఆపి పిల్లిలా నడిచొస్తాడు. ముందే తెలిస్తే మొగుళ్ళు గోడ దూకేస్తారని ఆయన అనుమానం.

తలుపు ఓరగా తెరుచుకుంది. యాభై దాటిన మనిషి. చేతిలో సూది, భుజం మీద ఎవరిదో సగం కుట్టిన జాకెట్టు.

"ఎవరండీ?"

"పింఛను ఆఫీసు నుంచమ్మా. ఆయన్ని పిలవండి."

ఆవిడ ముఖంలో రంగు మారింది.

"ఎవర్ని సార్?"

"ఇప్పుడే పిలిచారుగా."

"ఎవరూ లేరు సార్."

గుమ్మం పక్కన మగవాళ్ళ చెప్పుల జత ఉంది. తీగ మీద గళ్ళ చొక్కా ఆరుతోంది. ఆయన వాటిని ఆవిడ చూస్తుండగానే తీరిగ్గా చూశాడు.

"మరి ఇవెవరివి? నావా?"

ఎదురింటి మెట్ల మీద పేకాడుతున్న మగాళ్ళు ముక్కలు దించి ఇటే చూస్తున్నారు. ఆవిడ వాళ్ళవైపు ఒకసారి చూసింది. తలుపు ఇంకాస్త దగ్గరికి వేసుకుంది.

"సరే, వస్తాను. మీ ఆయన్ని అడిగానని చెప్పండి" అని ఆయన వెళ్ళిపోయాడు.

పింఛను ఆగిపోయింది.

ఆవిడ ఆఫీసుకొచ్చింది. హాలు నిండా జనం. వంతు వచ్చేసరికి కాళ్ళు పీకుతున్నట్టు బల్ల పట్టుకుని నిలబడింది.

"నేను... సార్, ఆ రోజు..."

"గట్టిగా చెప్పండి, వినపడ్డం లేదు."

"కాస్త పక్కకి వస్తే చెప్తాను సార్."

"దాపరికమెందుకు? న్యాయమైన మాటైతే నలుగురి ముందే చెప్పొచ్చు."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. లైన్లో ఎదురింటి మెట్ల మీది మనిషి ఒకడు ఉన్నాడు. చెవి ఇటే పడేశాడు.

"షుగరు మందులు కొనుక్కోవాలి సార్" అంది, అసలు మాట మింగేసి.

"ఆ రోజు ఎవర్ని పిలిచారో చెప్పండి. మీ పింఛను మీరు తీసుకెళ్ళండి."

ఆవిడ ఇంకోసారి వెనక్కి చూసింది. తర్వాత చీర కొంగు సర్దుకుని, చెప్పకుండానే వెళ్ళిపోయింది.

"చూశారా, నోట మాట రాలేదు" అన్నాడు భూతద్దం పక్క సీటు వైపు తిరిగి.

కొన్నాళ్ళకి, ఆపేసిన పింఛన్లు ఇంకోసారి సరిచూడమన్నారు. ఒక మధ్యాహ్నం ఆయన మళ్ళీ ఆ సందులోకి నడిచాడు.

చెప్పులు అక్కడే ఉన్నాయి. తలుపుకి తాళం ఉంది. ఇంటి ఓనరమ్మ గుమ్మం ముందు ఊడుస్తోంది.

"ఇందులో ఉండే ఆవిడ ఏరీ?"

"పోయింది. మందులు మానేసిందట పాపం. లోపల పడిపోతే ఎవరికీ తెలీలేదు. నేను అద్దెకోసం వచ్చి తలుపు పగలగొట్టించాను."

"ఎదురింటివాళ్ళు ఉన్నారుగా?"

"ఇంట్లో ఆయన ఉన్నాడుగా అనుకున్నారట."

"మరి ఆయనేమయ్యాడు?"

ఓనరమ్మ చీపురు ఆపింది.

"ఏ ఆయన? మొగుడు పోయాకే నా గదిలోకి వచ్చింది. అప్పట్నుంచీ ఒక్కతే."

"ఈ చెప్పులు?"

"ఆవిడే కొని పెట్టుకుంది. ఎందుకే అంటే, ఉండనీ అక్కా అనేది."

ఆయన వంగి ఒక చెప్పు తీసి తిప్పి చూశాడు. అడుగున అరుగుదల లేదు. ఒక్క అడుగు కూడా నడవని చెప్పు. పైన మాత్రం దుమ్ము పేరుకుపోయింది.

ఆ రోజు ఆయన పైపైనే చూశాడు.

"మరి ఎవర్ని పిలిచింది?" అన్నాడు.

"నాకేం తెలుసయ్యా" అని ఓనరమ్మ మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

ఆయనకి భయమేసింది. ఆ పిలుపు ఆయన చెవులారా విన్నాడు. బెరుకు లేకుండా, లోపల మనిషి ఉన్నట్టే పిలిచింది. లేనివాణ్ణి అలా ఎవరు పిలుస్తారు? మీ ఆయన్ని అడిగానని చెప్పమని తను అన్న మాట గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

బండి సంగతే మరిచిపోయాడు. స్కూటరు సందు చివరే వదిలేసి ఇంటికి నడిచొచ్చాడు. దారంతా ఆ గొంతే. ఎవర్ని పిలిచింది, ఎవర్ని పిలిచిందని తనలో తనే గొణుక్కుంటూ గేటు తీశాడు.

ఇంటికి రావాల్సిన వేళ కాదు. వీధిలో ఎవరూ లేరు. హారన్ లేదు కాబట్టి తలుపు తట్టాడు.

లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగిపోయాయి.

తర్వాత ఆయన భార్య గొంతు, ఖాళీ ఇంట్లోకి, గట్టిగా వినిపించింది.

"ఏవండీ, ఎవరో వచ్చారు. కాస్త చూడండి."