బి.టి. సుందరి

"మీరు రావడానికి వీల్లేదండీ. ఏమీ అనుకోకండి," అన్నాడు ప్రద్యుమ్న.

విజయవాడలో బందరు లాకుల దగ్గర అప్పుడప్పుడే వెలుతురు వస్తోంది. అక్కణ్ణించి బందరు దాకా కాలవ గట్టు వెంట సైకిలు యాత్ర. పేర్లు ఇచ్చినవాళ్ళందరూ హెల్మెట్లు బిగించుకుని సిద్ధంగా ఉన్నారు. ఆ పేర్లలో 'బి.టి. సుందరి' అని చూసి, ఎవరో బీటెక్ చదివే అమ్మాయి కాబోలు అనుకున్నాడు యాత్ర నడిపిస్తున్న ప్రద్యుమ్న. తీరా వచ్చింది అరవై దాటిన బాలాత్రిపురసుందరి. చుడీదారు, తెల్లజుట్టు మీద హెల్మెట్టు, ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు.

"పేరిచ్చినప్పుడు సరేనన్నారుగా నాయనా?"

"అప్పుడు మీ వయసు తెలీదు కదండీ. బందరంటే పక్కవీధి కాదు. మీ సైకిలుకి గేర్లు కూడా లేవు."

"దారిలో కొండలు లేవుగా, గేర్లెందుకూ?"

అందరూ నవ్వారు. ప్రద్యుమ్న నవ్వలేదు. కిందటి యాత్రలో ఒకతను పడి భుజం విరగ్గొట్టుకుంటే, ఆ ఇంటివాళ్ళు ప్రద్యుమ్న ఫిజిక్స్ చెప్పే కాలేజీకి వచ్చి మరీ నిలదీశారు. ఇంకొకరికి ఏమన్నా అయితే ఈ యాత్రలకి అదే ఆఖరు.

"రానివ్వండి సార్," అంది శ్రీజ. జట్టులో అందరికంటే చిన్నది ఆ అమ్మాయే. "వెనకాల వ్యాను వస్తోందిగా. అలిసిపోతే ఎక్కించేద్దాం."

ప్రద్యుమ్న ఆవిడ సైకిలు బ్రేకులు నొక్కి చూశాడు. "కంకిపాడులో చూస్తానండీ. కొంచెం ఆయాసపడుతున్నా వ్యానెక్కాలి. సరేనా?"

"అలాగే ఎక్కుతాను," అంటూ ఆవిడ పెడలు మీద కాలేసింది.

కంకిపాడులో ఆగి చూస్తే ఆవిడకి ఆయాసమూ లేదు, నోటికి విరామమూ లేదు. శ్రీజ వాళ్ళది గుణదలని, వాళ్ళ నాన్నకి బూందీ లడ్డు ప్రాణమని, జట్టులోని శరత్‌చంద్రకి సంబంధాలు చూస్తున్నారని అప్పటికే రాబట్టేసింది. 'ఇలా మాట్లాడుతూ ఊపిరంతా ఖర్చు చేసుకుంటే ఉయ్యూరు కూడా చేరదు' అనుకున్నాడు ప్రద్యుమ్న.

ఆవిడ ఉయ్యూరు చేరింది. ఉయ్యూరూ దాటింది.

ఒక పక్క కాలవ, అంచుల దాకా నిండి నింపాదిగా వాళ్ళతోపాటే సముద్రం వైపు సాగుతోంది. రెండో పక్క దొండ పందిళ్లు, కాకర పందిళ్లు. తీగలు దట్టంగా అల్లుకుని, కింద పచ్చటి నీడ పరిచాయి. ఒక పందిరి కింద అందరూ సేదతీరారు.

"ఈ కాలవలో పడవలు నడిచేవటండీ?" అడిగింది శ్రీజ.

"ధాన్యం పడవలేమిటి, పెళ్ళివారి పడవలు కూడా!" అంది సుందరిగారు. "లాకు తలుపులు తెరవక పడవ ఆగిపోయి, ముహూర్తం దాటిపోతుందేమోనని మా అమ్మమ్మ ఏడ్చిందట. అదీ పెళ్ళికూతురు ముస్తాబులో!"

పందిరి కింద నవ్వులే నవ్వులు. ఈసారి ప్రద్యుమ్న కూడా నవ్వాడు.

పామర్రు దాటాక సముద్రపు గాలి ఎదురుకొట్టడం మొదలైంది. కుర్రాళ్ళు తలలు వంచుకుని ముందుకెళ్ళిపోయారు. అందరికంటే వెనకబడ్డ ప్రద్యుమ్నకి ఉన్నట్టుండి పిక్క పట్టేసింది. సైకిలు దిగి, గట్టు మీద కూలబడ్డాడు.

ఎలా చూసిందో, సుందరిగారు వెనక్కి తిరిగొచ్చింది. బుట్టలోంచి ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు తీసి తాగించింది.

"వ్యాను పిలవనా?"

"వద్దండీ. అందర్నీ తీసుకొచ్చినవాణ్ణి నేనే వ్యానెక్కితే బాగుండదు."

"అయితే లే. నెమ్మదిగా పోదాం. నీది ఫిజిక్సని శ్రీజ చెప్పింది. ఈ ఎదురుగాలి ఇంత బరువుగా ఎందుకుంటుందో చెప్పు నాకు."

అతను మొదట ముక్తసరిగా చెప్పాడు. ఆవిడ ఊరుకోలేదు. "మరి వంగి తొక్కితే తేలికెందుకూ?" అంది. దానికీ చెప్పాడు. "మరి ఒకరి వెనక ఒకరు వెళ్తే?" అంది. హ్యాండిలు మీంచి ఒక చెయ్యి తీసి, గాలిలో బొమ్మలు గీస్తూ చెప్పాడు. క్లాసులో ఏ పిల్లవాడూ అతన్ని అన్ని ప్రశ్నలు అడిగి ఎరగడు. కాలి నొప్పి ఎక్కడ వదిలేసిందో అతనికే తెలీదు. తలెత్తేసరికి ఎదురుగా బందరు.

కోనేరు సెంటర్లో ముందే చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ప్రద్యుమ్న సైకిలు దిగి ఆవిడకి రెండు చేతులూ జోడించాడు.

"పొద్దున మిమ్మల్ని ఆపబోయానండీ. మీరే లేకపోతే నేను ఇక్కడికి చేరేవాణ్ణి కాదు."

"ఊరుకో నాయనా. కబుర్లు చెప్పుకుంటూ వచ్చాం, అంతేగా!"

అతను వ్యాను వైపు తిరిగి డ్రైవరుని కేకేశాడు. "జాన్‌బాబూ! అమ్మగారి సైకిలు ముందెక్కించు. పాపం, బాగా అలిసిపోయి ఉంటారు. విజయవాడలో వాళ్ళింటి దగ్గర దింపాకే మనం వెళ్దాం."

జాన్‌బాబు వచ్చి సైకిలు పట్టుకోబోతే ఆవిడ వదల్లేదు.

"వ్యానెందుకయ్యా? మా ఇల్లు ఈ పక్క సందులోనేగా!"

ప్రద్యుమ్న తెల్లబోయాడు. "మీది బందరా? మరి పొద్దున్నే విజయవాడలో..."

"మీతో కలిసి బయల్దేరాలంటే అక్కడికి రావద్దూ? బస్సులో సైకిలు ఎక్కించుకోరాయె," అంది సుందరిగారు, సైకిలు సందులోకి తిప్పుకుంటూ. "అయినా ఇవాళేం అలుపు నాయనా! నిన్న ఇదే గట్టు మీద విజయవాడ దాకా ఒక్కదాన్నే తొక్కుకుంటూ వెళ్ళాను చూడూ, మాటకి మనిషి లేక... అలుపంటే అదీ!"