మార్చాల్సిన మిషన్ల జాబితా

"కాస్త నిదానంగా చదివించండమ్మా."

టైపిస్టు వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. పదకొండేళ్లలో ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు.

ఆమెకు చూపు లేదు. డాక్టర్లు రికార్డు చేసి పంపే రిపోర్టులు విని టైపు చేస్తుంది. చేసింది సరిగ్గా ఉందో లేదో కంప్యూటరులోని గొంతు చదివి చెబుతుంది. దాన్ని ఆమె మూడింతల వేగంతో వింటుంది. పక్కవాళ్లకు రేకుల మీద వడగళ్లు పడ్డట్టు ఉంటుంది. ఆమెకు మాత్రం అది ఓపికగల మగమనిషి గొంతు. 'అన్నయ్య' అని పేరు పెట్టుకుంది, ఆ సంగతి ఆఫీసంతా తెలుసు.

అడిగినవాడు కొత్తవాడు. ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నిటికీ ఆపరేటింగ్ సిస్టమ్ మార్చబోతున్నారు. పాతదాని బాగోగులు ఇక మావల్ల కాదని దాన్ని చేసిన కంపెనీ చేతులెత్తేసింది. ఎవరికి ఏం కావాలో రాసుకోవడానికి కాంట్రాక్టరు ఈయన్ని పంపాడు. మనిషి గుసగుసగా తప్ప మాట్లాడడు. రెండో రోజుకే ఆఫీసంతా 'గుసగుసలాయన' అనడం మొదలెట్టింది.

ఆమె వేగం తగ్గించింది. ఎవరి కిడ్నీలోనో రాళ్ల రిపోర్టు. దాన్ని అంత శ్రద్ధగా ఆ రోగి కూడా విని ఉండడు.

"ఈ గొంతు కొత్త సిస్టమ్‌లో పనిచేయదమ్మా," అన్నాడు చివరికి.

"వేరే గొంతు ఉంటుందిగా?"

"ఉంది. ఒత్తులు మింగేస్తుంది."

"ఒత్తులు మింగితే మందు పేరే మారిపోతుంది సార్! నాతో రెండు రోజులు కూడా పని చేయించుకోరు. ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి ఎవరిస్తారు? నా మిషను మార్చొద్దని రాయండి, చాలు."

ఆయన ఏదో రాసుకున్న చప్పుడైంది.

"మీ అన్నయ్య ఎక్కడికీ పోడు. పూచీ నాది."

ఆమె ఆ మాట నమ్మింది. తర్వాత నాలుగు వారాలు ఆయన వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేవాడు. ఏ అక్షరం దగ్గర అనుమానం వస్తుంది, ఏ వేగం చెవికి హాయి, అలాంటివి. సొంత మనిషికి చెప్పుకున్నట్టు అన్నీ చెప్పింది.

జాబితా గోడకెక్కింది. పక్క సీటు అమ్మాయి చదువుతూ ఆగింది.

"అక్కా, నీ మిషను..."

"చెప్పవే."

"మార్చాలి అని ఉంది. అదీ మొదటి విడతలోనే."

"సరిగ్గా చూడు."

"చూశానక్కా. కింద ఆయన సంతకమే."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఒకటి చెప్పి, కాగితం మీద ఇంకోటి రాశాడు. చూపు లేనిది, ఎలాగూ చదవలేదులే అన్న ధీమా! ఆరోగ్యం బాగాలేకపోయినా ఒక్క పూట సెలవు పెట్టని ఉద్యోగం తనది. ఒక్క మాటతో ఊడబెరికాడు.

మర్నాడు పొద్దున ఆయన అడుగుల చప్పుడు వినగానే లేచి నిలబడింది.

"చూపు లేనిదాన్ని కదా, ఏం రాసినా చెల్లుతుందనుకున్నారా?"

"అది కాదమ్మా, నేను..."

"ఏది కాదు? తియ్యగా మాట్లాడి, అన్నీ అడిగి తెలుసుకుని, నమ్మించి గొంతు కోశారు!"

గదిలో టైపింగు చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. పక్క సీటు అమ్మాయి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అంత మాటొద్దక్కా," అంది మెల్లగా.

ఆయన ఇంకేదో చెప్పబోయాడు. ఆమె కేకల ముందు ఆ గుసగుస ఎంత?

అంతటితో ఊరుకోలేదు. మేనేజరుకు ఫిర్యాదు టైపు చేసింది. 'ఈ మనిషి అబద్ధాలకోరు. ఇతన్ని మా గదిలోకి రానివ్వకండి.' అన్నయ్య చేత రెండుసార్లు చదివించుకుని, తప్పుల్లేవని తేల్చుకుని పంపింది. సాయంత్రానికల్లా ఆయన్ని ఆ పని నుంచి తప్పించారు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకుంది. అంతగా నమ్మినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

సోమవారం మరో మనిషి వచ్చి ఆమె మిషను విప్పాడు. రెండు గంటల తర్వాత పిలిచాడు.

"ఆన్ చేయండమ్మా."

పళ్లు బిగించి మీట నొక్కింది.

అన్నయ్యే! అదే ఓపిక, ఒత్తులన్నీ ఒత్తుల్లాగే.

"ఇందులో ఈ గొంతు రాదన్నారుగా?"

"రాదమ్మా. దీన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. కానీ మీ మిషను మార్చకపోతే ఇంకా ముప్పు. పాత సిస్టమ్ ఉన్నవాటిని ఈ వారంతో ఆసుపత్రి లైనులోంచి తీసేస్తున్నారు. మీకు ఒక్క రిపోర్టు కూడా వచ్చేది కాదు. అందుకే ఆ జాబితా రాసిన మా సార్ మీదాన్ని ముందు పెట్టించారు. నెల రోజులు కూర్చుని ఈ గొంతును కొత్తదానికి సరిపడేలా మళ్లీ కట్టారు. కుదిరాక మీకు చెబుదామనుకున్నారు."

ఆమె గబుక్కున లేచింది.

"ఆయన్ని ఒకసారి పిలవండి. క్షమాపణ చెప్పుకోవాలి."

"ఉద్యోగం మానేశారమ్మా. ఇది నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ఎక్కడికో చెప్పలేదు."

"తయారుచేసినవాళ్లే లేనప్పుడు ఈ గొంతు ఆయనకు ఎక్కడ దొరికింది?"

"మొదట రికార్డు చేసిన టేపులు సార్ ఇంట్లో ఉన్నాయి."

"ఆయన ఇంట్లో ఎందుకున్నాయి?"

వచ్చినతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఆపరేషన్‌లో గొంతు పోకముందు, ఆ అక్షరాలన్నీ చదివి ఇచ్చింది మా సారేనమ్మా."