అమ్మ గొంతుతో గంగాళం

ఇంట్లో ప్రతి సామానుకూ కథబిళ్ళ అంటించడం మామూలైపోయిన రోజులవి. చెయ్యి వేస్తే చాలు, ఆ వస్తువు ఎవరిదో, ఎప్పటిదో ఆ ఇంట్లో పోయిన పెద్దల గొంతుతోనే చెప్పేస్తుంది. వరహాలమ్మ మనవరాలు హంసిని ముచ్చటపడి పాత ఇత్తడి గంగాళానికీ ఒకటి అంటించింది.

వరహాలమ్మ చెయ్యి వేసింది. ఎప్పుడో పోయిన అమ్మ గొంతు వినబడింది.

"ఇది రొంగలి పైడమ్మ గంగాళం. పెళ్లిలో పుట్టింటివారు పెట్టారు."

అంచు మీద కొట్టించిన పేరు చదివి బిళ్ళ అల్లిన కథ అది. ఆ పైడమ్మ ఎవరో దేవుడికే తెలియాలి. వరదలో ఎవరింటి నుంచో కొట్టుకొచ్చిన గంగాళాన్ని అమ్మ ఒడిసిపట్టుకుని, ఏడాది నిండని వరహాలమ్మను అందులో కూర్చోబెట్టి, పీకల్లోతు నీళ్లలో గట్టుదాకా తోసుకొచ్చింది.

"అది కాదే అమ్మా! నన్ను దీన్లో కూకోబెట్టి తోసుకొచ్చినావు కదే!"

"అందుకు ఆధారం లేదు," అంది అమ్మ గొంతు మెత్తగా.

"దీన్ని మార్చు, తల్లీ," అంది వరహాలమ్మ మనవరాలితో.

"మారదు నానమ్మా. రికార్డుకెక్కిపోయింది. సాక్షి ఉంటేనే మారుస్తారంట."

"సాచ్చెం నాను లేనా?"

"నీకప్పటికి ఏడాదైనా నిండలేదు కదా!"

వరహాలమ్మ మళ్లీ గంగాళం మీద చెయ్యి వేసింది. నిజమే, తనకు ఏం గుర్తుంది? చిన్నప్పుడు పక్కలో పడుకోబెట్టుకుని ఆ సంగతంతా చెప్పింది ఈ గొంతే.

గంగాళం పైడమ్మ పెళ్లి కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. వరహాలమ్మ దానికి తల ఆనించి, చిన్ననాటి అలవాటు చొప్పున ఊ కొట్టసాగింది.