పక్క నంబరు

“ఈ ఎర్ర చుక్క ఎవరో చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి కదలను,” అంటూ గీతలాయన లాప్‌టాప్‌ను లైబ్రేరియన్ బల్ల మీద పెట్టి, తెర ఆమె వైపు తిప్పాడు.

గీతలాయన అన్నది ఆఫీసులో వాళ్ళు పెట్టిన పేరు. ఆయన చేతికి ఏ లెక్కలిచ్చినా కంప్యూటర్లో చుక్కలూ గీతలూ చేసేస్తాడు. చేపల జబ్బు ఏ చెరువు నుంచి ఏ చెరువుకు పాకిందో చెప్పిన లాంటి బొమ్మతోనే, ఏ బస్సు ఆగిపోతే ఏ వీధి ఇబ్బంది పడుతుందో కూడా చెబుతాడు. ఈమధ్య లైబ్రరీ వాళ్ళు కూడా గోడకు పెట్టుకోవడానికి ఓ బొమ్మ చేసిమ్మని, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో పదిహేనేళ్ళ వివరాలు ఇచ్చారు. పేర్లు లేవు, సభ్యుల కార్డు నంబర్లే. ఒక్కో నంబరుకు ఒక చుక్క. ఒకే పుస్తకం తీసుకున్న ఇద్దరి మధ్య ఒక గీత. కలిసిన పుస్తకాలు పెరిగేకొద్దీ గీత లావెక్కుతుంది.

అన్నిటికంటే ముందు ఆయన వెతికింది 2206 నంబరు. అది ఆయన భార్యది. ఆవిడ పోయి నాలుగు నెలలైనా కార్డు ఇంకా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

“చూడమ్మా. ఈ నీలం చుక్క మా ఆవిడ. మిగతా అందరితోనూ దారప్పోగుల్లాంటి గీతలు. వీడొక్కడితో మాత్రం మోకు! మూడు వందల పద్నాలుగు పుస్తకాలు. ఆవిడ ఏది తిరిగిచ్చినా అదే రోజు వీడు పట్టుకుపోయాడు. నంబరు చూడు, 2207. పక్క నంబరు. అంటే ఇద్దరూ కూడబలుక్కుని ఒకేసారి చేరారన్నమాట.”

లైబ్రేరియన్ చేరి నెల కూడా కాలేదు. ఏ మొహం ఎవరిదో ఆమెకింకా తెలియదు. “బొమ్మ భలే ఉంది సార్. పేర్లు మాత్రం చెప్పకూడదు. చెబితే నా ఉద్యోగం ఊడుతుంది.”

“మా ఆవిడ చివరిసారి వచ్చిన రోజే వీడూ ఆఖరి పుస్తకం తీసుకున్నాడు. మళ్ళీ ఇటు తొంగి చూడలేదు. ఆవిడ పోయిందని వాడికెవరు చెప్పారు?” ఆయన ఎర్ర చుక్క మీద వేలు పెట్టాడు. “ముప్పయ్యేళ్ళు కాపురం చేశాను తల్లీ. ఆవిడ ఏం చదువుతుందో నాకు తెలీదు. వీడికి తెలుసు.”

ఆమెకు పాపం అనిపించింది. పేరు చెప్పకపోతేనేం, పుస్తకం చూపిస్తే తప్పేముందనుకుని, 2207 తీసుకున్న వాటిలో రెండు బీరువాలోంచి తెచ్చింది. రెండు అట్టల మీదా గుండ్రటి మరకలు.

“ఈయనెవరో గానీ పుస్తకాలు చదవడు సార్. టీ గ్లాసు పెట్టుకుంటాడు,” అని నవ్వింది.

“పుస్తకం విలువ తెలీని మొద్దు వెధవ!” అని గీతలాయన పళ్ళు నూరాడు. “పోయి పోయి ఇలాంటివాడా దొరికింది!”

విసురుగా పేజీలు తిప్పుతుంటే చిన్న చీటీ జారి బల్ల మీద పడింది. ‘ముప్పయ్యో పేజీ దాకా ఓపిక పట్టండి. తర్వాత మీరే వదలరు.’

ఆ రాత ఆయనకు తెలుసు. ఇంటి సామాన్ల చీటీలన్నీ ఆ రాతలోనే ఉండేవి. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తనకు ఒక్కనాడైనా ఇలా ఓ ముక్క రాసిందా? పోయిన మనిషి మీద కోపమొస్తే ఎవరితో పోట్లాడాలి?

“ఆ ఆఖరి పుస్తకం తిరిగిచ్చాడా?”

ఆమె కంప్యూటర్లో చూసింది. “లేదు సార్. నోటీసు పంపాలి.”

“ఇవాళే పంపు. నా కళ్ళముందే పంపు. ఇవ్వడానికి రాకుండా ఎక్కడికి పోతాడు? ఎల్లుండి నుంచి రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటా. వాడి మొహం ఒక్కసారి చూస్తే చాలు.”

ఆమె అరచెయ్యి అడ్డం పెట్టుకుని కవరు మీద అడ్రసు రాసింది. ఆయన మెడ ఎంత సాచినా ఒక్క అక్షరమూ కనబడలేదు.

ఆ రెండు రోజులూ ఆయనకు ముద్ద దిగలేదు. ఇంట్లో ఎటు చూసినా వాడే. భార్య చదువుకునే కుర్చీ ఖాళీగానే ఉంది, అయినా అందులో ఎవడో కూర్చుని పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించేది. ఉలిక్కిపడి లేచి చూసేవాడు. ఎవరూ ఉండరు. మళ్ళీ టీ పెట్టుకుని, మంచం పక్క స్టూలు మీద ఎప్పుడూ పెట్టే చోటే గ్లాసు పెట్టి, ఆ కుర్చీ వంకే చూస్తూ కూర్చునేవాడు.

మూడోనాడు పొద్దున్నే లైబ్రరీకి బయల్దేరుతుంటే పోస్ట్‌మన్ కవరిచ్చాడు. దాని మీద లైబ్రరీ ముద్ర. బొమ్మకు థాంక్స్ చెబుతూ రాశారు కాబోలు అనుకుంటూ చింపాడు.

‘కార్డు నంబరు 2207. మీరు తీసుకున్న ఈ కింది పుస్తకం నాలుగు నెలలుగా తిరిగి రాలేదు.’

పైన తన పేరు. తన ఇంటిపేరుతో సహా.

ఆయన మళ్ళీ చదివాడు. ఎప్పుడో భార్య “ఇక్కడో సంతకం పెట్టండి” అంటే, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే సంతకం గీకిన కాగితం గుర్తుకొచ్చింది. స్టూలు మీద ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండేది. గ్లాసుకు ఎత్తుగా బాగుందనుకునేవాడు తప్ప అదెక్కణ్ణుంచి వచ్చిందో ఏనాడూ అడగలేదు.

లోపలికి వెళ్ళి స్టూలు మీది గ్లాసు పైకెత్తాడు. నోటీసులో ఉన్న పుస్తకం పేరే, మరక కింద అట్ట మీద ఉంది. మొదటి పేజీలో ఆవిడ చీటీ.

‘ఇది మూడు వందల పద్నాలుగోది. ఇదైనా చదువుతారా?’