కంఫర్ట్‌లో వినపడని మాట

కంఫర్ట్ మోడ్‌లో పెడితే మా గ్రాండ్ టూరర్ కారు రోడ్డు మీది గతుకులనే కాదు, గుండె ఝల్లుమనే మాటలనూ మా దాకా రానివ్వదు. కాపురాలు నిలబడుతున్నది ఈ కార్ల వల్లేనని మా అత్తగారి నమ్మకం.

పొద్దున్నే పోట్లాడుకుని బయల్దేరాం. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే, స్టీరింగ్ పట్టుకున్న మా ఆయన పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. తిట్లు నాకేనని తెలుస్తూనే ఉంది.

“స్పోర్ట్ మోడ్‌లో పెట్టండి, ఆ తిట్లేవో నేనూ వింటాను!” అని అరిచాను.

నా అరుపూ ఆయనకు చేరలేదు. ఎదురుగా మలుపు. ఒళ్లు మండి నేనే స్పోర్ట్ బటన్ నొక్కాను. కారు ముందుకు ఉరికింది. ఇంజను రొద, టైర్ల చప్పుడు, వాటి మధ్య ఆయన గొంతు.

“కళ్లు తిరుగుతున్నాయి హైమా. బండి నువ్వు తీసుకోమని దోర్నాల నుంచీ బతిమాలుతున్నా. ఎంత అలిగితే మాత్రం, పలకవా?”